వియ్యంకుల వంపు

ఆమెకు ఉద్యోగం రాకముందు నుంచే అనుమానం ఉంది. ఉద్యోగం వచ్చాక ఆ అనుమానానికి జీతం కూడా మొదలైంది. రైలు పట్టాల వెంట నడుస్తూ, ఎక్కడ బోల్టు వదులైంది, ఎక్కడ కంకర జారింది, ఎక్కడ పట్టా ఎండకు వంగబోతోంది అని చూసుకుంటూ పోవడం ఆమె పని. చూసిందల్లా బాగానే ఉందనుకునే మనిషికి ఆ పని ఒంటబట్టదు. దుకాణంలో తూకం వేస్తుంటే ఆమె సరుకు వైపు చూడదు, తక్కెడ అడుగున ఏమైనా అంటించాడేమోనని వంగి చూస్తుంది. పాలు పోసే మనిషి ఒకరోజు తనంతట తానే, చుక్క నీళ్ళు కలపని పాలమ్మా అన్నాడు. అడక్కుండా ఎందుకు చెప్పాడని ఆ పూటే అతని దగ్గర పాలు మానేసింది. గ్యాంగులో వాళ్ళు ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. ఎదురుగా అనే ధైర్యం లేక వెనకాల అనేవారు. ఎవరెవరు ఎప్పుడెప్పుడు అన్నారో కూడా ఆమెకు తెలుసు.

ఇంతమందిని అనుమానించిన మనిషి ఒక్కరిని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మింది, కట్టుకున్నవాణ్ణి. అతనూ అదే లైను మీద గస్తీ తిరిగేవాడు. నవ్వుమొహం మనిషి, ఎవరితోనూ పేచీ లేనివాడు. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ఒంటి మీద ఏదో ఘాటు వాసన వేసేది. దీపాలు తుడిచే స్పిరిటు అనేవాడు. పాలమ్మే మనిషిని నమ్మని ఇల్లాలు స్పిరిటును నమ్మింది. ఆ నమ్మకంతోనే కాపురం సాగింది, అతను పోయేదాకా.

లైను కథ ఆమె అత్తగారికి బాగా తెలుసు. రాజధానికీ రేవు నగరానికీ మధ్య రైలు వేయాలని పెద్దవాళ్ళు తలపెట్టినప్పుడు అత్తగారు కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. పని చేసే గ్యాంగులకు వంట చేసిపెట్టేది. రెండు నగరాల నుంచీ ఒకేసారి పట్టాలు వేసుకుంటూ వచ్చారు. ఎవరి ఇంజనీర్లు వాళ్ళకున్నారు, ఎవరి కొలతలు వాళ్ళవి, ఎవరి గొప్ప వాళ్ళది. రెండు లైన్లూ ఈ ఊరి అవతల మెట్ట మీద ముఖాముఖి కలవాలి. తీరా దగ్గరికొచ్చేసరికి ఒకదాని ముక్కు ఇంకోదాని చెవికి ఎదురుగా వచ్చింది. తప్పు మీదంటే మీదని రెండు వైపులవాళ్ళూ వారం పైగా తిట్టుకున్నారట, అత్తగారు మాత్రం ఇద్దరికీ ఒకే పొయ్యి మీద వండి పెట్టిందట. చివరికి చిన్న వంపు ఒకటి పెట్టి లైను కలిపేశారు. లైను కలిసింది గానీ మనసులు కలవలేదు. పెళ్ళయ్యాక కూడా పెట్టుపోతల దగ్గర మాటలు మానుకున్న వియ్యంకుల మాదిరి ఒకరినొకరు ఓరకంట చూసుకోవడం అలవాటైంది. అందుకే ఆ చోటికి వియ్యంకుల వంపు అని పేరొచ్చింది.

వంపు నడిమధ్య ఒక రాయి పాతారు. ఇటు ముఖానికి తెల్లరంగు, అటు ముఖానికి పసుపు. తెలుపు వైపు లైను రాజధానివాళ్ళది, పసుపు వైపు రేవువాళ్ళది. తెలుపువాళ్ళ దగ్గర కంకర జారితే పసుపువాళ్ళ బండ్ల అదురుకి జారిందనేవారు. పసుపువాళ్ళ దగ్గర బోల్టు ఊడితే తెలుపువాళ్ళు సరిగ్గా చూడలేదనేవారు. ఆమె పుట్టుకతోనే అనుమానం తెచ్చుకుంది కాబట్టి తెలుపు వైపు కోడలిగా ఇట్టే ఇమిడిపోయింది.

మొదట్లో పట్టాలు ముక్కలు ముక్కలుగా ఉండేవి. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి సందు, బండి పోతుంటే టకటకమని చప్పుడు. తర్వాత ఆ ముక్కలన్నీ కరిగించి అతికించి మైళ్ళ పొడవున ఒకటే పట్టాగా చేశారు. చప్పుడు పోయింది, ప్రయాణికులు హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టారు. గస్తీవాళ్ళకు మాత్రం తిప్పలు వచ్చాయి. సందులున్నప్పుడు ఎండకు ఇనుము సాగితే ఆ సందులోకి సాగేది. అతికించాక సాగే చోటు లేక ఒక్కోసారి పక్కకి వంగిపోతుంది. అందుకని వేసవి మధ్యాహ్నాల్లో మనుషులు లైను పొడుగునా నడిచి చూడాలని కొత్త రూలు వచ్చింది.

ఆ గస్తీకి ఒక పద్ధతుంది. తెలుపు వైపు గేటు దగ్గర బయల్దేరిన మనిషి రాయి దాకా నడవాలి. పసుపు వైపు బయల్దేరిన మనిషీ రాయి దాకా రావాలి. ఇద్దరి దగ్గరా చెరో ఇత్తడి బిళ్ళ ఉంటుంది. రాయి దగ్గర బిళ్ళలు మార్చుకుని వెనక్కి పోవాలి. అవతలివాళ్ళ బిళ్ళ చేతిలో ఉంటే పూర్తిగా నడిచినట్టు, సొంత బిళ్ళే ఉంటే నడవనట్టు లెక్క. అవతలి మనిషి రాకపోతే కాసేపు చూసి, వెనక్కి పోయి, గేటు దగ్గర ఫోను చేసి చెప్పాలి. మనిషిని మనిషి నమ్మక్కర్లేకుండా పెట్టిన ఏర్పాటు అది. ఆమెకు బాగా నచ్చిన ఏర్పాటు కూడా.

కొత్త రూలు వచ్చిన రెండో వేసవిలో ఆమె భర్త గస్తీలో ఉండగా బండి కింద పడి చనిపోయాడు. రాయి దగ్గర కాదు, రాయికి బాగా ఇవతల, తన వాటాలోనే. జేబులో అతని సొంత బిళ్ళే ఉంది.

రేకుల కప్పు కింద ఆఫీసు గదిలో విచారణ జరిగింది. పిల్లను భుజాన వేసుకుని ఆమె గోడవారన నిలబడింది. పసుపు వైపు గస్తీ మనిషిని పిలిచారు. అప్పటికే నడివయసు, సన్నగా, వెదురుబద్దలా ఉండేవాడు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, ఎవరూ గట్టిగా అడక్కముందే చెప్పేశాడు.

"నేనే ఆలస్యంగా వచ్చానండి. నా కోసం చూసి చూసి, గేటు దగ్గర ఫోను చేద్దామని ఆయన వెనక్కి వెళ్ళి ఉంటాడు. బిళ్ళ ఇద్దామని నేను వెనకాలే పరుగెత్తాను. అప్పటికే అయిపోయింది."

ఎందుకు ఆలస్యమైందని అడిగారు. తల దించుకున్నాడే తప్ప నోరు మెదపలేదు. ఇంకోసారి అడిగారు. అప్పుడూ అంతే. విధుల్లో ఉండగా జరిగిన ప్రమాదమని తేల్చి, భర్త పని ఆమెకు ఇచ్చారు. పసుపు వైపు మనిషికి ఆ ఏడు రావలసిన మేస్త్రీ పని రాలేదు, ఆ తర్వాతా రాలేదు. రెండు వైపుల గ్యాంగులూ అతనికి లేటు బాబాయ్ అని పేరు పెట్టేశాయి.

ఆ రోజు నుంచి ఆమె అనుమానాలన్నీ ఒక్క మనిషి మీదికి చేరాయి. కారణం చెప్పని మనిషి దగ్గర చెప్పరాని కారణమే ఉండాలి. చెట్టు నీడన పేకాట ఆడుతూ కూర్చున్నాడా? ఎవరింట్లోనైనా ఉండిపోయాడా? హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయాడా? ఎన్ని రకాలుగా తిప్పి చూసినా చివరికి ఒకే దృశ్యం కనిపించేది. మండుటెండలో తన భర్త రాయి దగ్గర నిలబడి, రాని మనిషి కోసం చూసి చూసి, గాబరాగా వెనక్కి తిరగడం. ఆ మనిషి వేళకు వచ్చి ఉంటే తన ఇల్లు ఇల్లులాగే ఉండేది.

ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలోనే గస్తీ వేయించుకుంది. మేస్త్రీ వద్దన్నాడు, స్టోర్సులో కూర్చునే పని ఇప్పిస్తానన్నాడు. ఆమె వినలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ మనిషి రాయి దగ్గరికి రాకుండా ఉండగా పట్టుకోవాలి. పట్టుకుని నలుగురిలో నిలబెట్టాలి. ఆ రోజు ఎందుకు రాలేదో అప్పుడైనా చెప్పక తప్పదు.

అతను మాత్రం దొరకలేదు. ఆమె ఎంత త్వరగా వెళ్ళినా రాయికి అవతల వేపు అప్పటికే వచ్చి నిలబడి ఉండేవాడు. లైను బాగుందమ్మాయ్ అని బిళ్ళ చాచేవాడు. ఆమె రెండు వేళ్ళ కొసలతో అందుకుని, అది దొంగబిళ్ళేమోనన్నట్టు రెండు వైపులా తిప్పి చూసేది. లోకమంతా అతన్ని బాబాయ్ అంటే ఆమె మాత్రం ఏ వరసా కలపకుండా, ఆఫీసరుతో మాట్లాడినట్టు మీరు అనేది. తప్పు చేసినవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరుగుతున్నాడు, అంతే కదా అనుకునేది.

ఒకసారి అతని వాటాలో, కల్వర్టుకు అవతల, పట్టాల కింది స్లీపరు దిమ్మ మీద ఖాళీ రంగుడబ్బా ఒకటి పెట్టించింది. పూర్తిగా నడిస్తే కనిపిస్తుంది, నడవకపోతే అక్కడే ఉంటుంది. మర్నాడు అతను డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. మీవాళ్ళది ఏదో ఇటు దొర్లినట్టుందమ్మాయ్ అని చేతికిచ్చాడు. మొహంలో నవ్వు లేదు, కోపం లేదు. ఆ రాత్రి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తెలిసే తెచ్చాడు, తనను వెక్కిరించడానికే తెచ్చాడు అని అత్తగారితో అంది. అత్తగారు వినిపించుకోనట్టు పళ్ళెం కడుగుతూ ఉండిపోయింది. లేటు బాబాయ్ మాట వచ్చినప్పుడల్లా అత్తగారికి ఏదో ఒక పని గుర్తొచ్చేది. ముసలావిడకు కొడుకు గుర్తొచ్చి బాధ కలుగుతుందేమోనని ఆమె సరిపెట్టుకునేది.

ఇంకో సంగతి ఆమెను మరీ కలవరపెట్టేది. అతను రోజూ రెండు నీళ్ళ సీసాలు తెచ్చేవాడు. ఒకటి తనకు, ఒకటి ఆమెకు. రెండో సీసాకు తడిగుడ్డ చుట్టి రాయి నీడన పెట్టి, తాగమ్మాయ్, తిరిగి వెళ్ళేటప్పుడు దాహమేస్తుంది అనేవాడు. ఆమె తలూపి, అతను వంపు తిరిగి కనుమరుగయ్యాక మూత తీసి, ఒక్క చుక్క నాలిక మీద వేసుకోకుండా మొత్తం పారబోసేది. ఖాళీ సీసా రాయి నీడన పెట్టి వెళ్ళిపోయేది. ఊరికే ఎవరూ ఏమీ ఇవ్వరు, తప్పు కప్పిపుచ్చుకోవడానికే ఈ మంచితనమని ఆమె లెక్క. వేసవి తర్వాత వేసవి ఆ నీళ్ళు పడి, చుట్టూ ఎండిన మెట్టలో రాయి పక్కన ఒక ముళ్ళపొద మాత్రం పచ్చగా ఏపుగా పెరిగింది. అతనికి ఆ పొద కనిపించకుండా ఎలా ఉంటుంది? కానీ ఏనాడూ అడగలేదు. అడగకపోవడం కూడా ఆమెకు అనుమానమే.

ఏళ్ళు గడిచాయి, లైను ఎదిగింది. పక్కనే రెండో లైను పడింది. పైన కరెంటు తీగలు వచ్చాయి. భుజాన ఉన్న పిల్ల నర్సు చదువుకు రేవు నగరం వెళ్ళింది. రెండు నగరాల మధ్య పగలూ రాత్రీ పట్టే ప్రయాణం ఒక్క పగటికి కుదించుకుపోయింది. ఇప్పుడింకా తగ్గించి, పొద్దున కాఫీ రాజధానిలో తాగి మధ్యాహ్నం భోజనం రేవులో చేసేలా వేగం బండి తెస్తున్నారు. దానికోసం వియ్యంకుల వంపును సరిచేసి నిటారుగా చేశారు. తెలుపు, పసుపు పంతాలు తీసేసి లైను మొత్తానికి ఒకే ఇంజనీరును వేశారు. వంపు పోయినా పేరు పోలేదు, రాయీ పోలేదు.

పోయేది గస్తీ. వచ్చే ఏడు నుంచి పట్టాలకే మిషన్లు బిగిస్తారని, ఎక్కడ వేడెక్కినా ఆఫీసులో గంట మోగుతుందని చెప్పారు. లేటు బాబాయ్ కూడా ఈ వేసవితో రిటైరవుతున్నాడు. మంచాన పడ్డ భార్యను తీసుకుని రైల్వే ఇల్లు ఖాళీ చేసి అక్కడే దగ్గర్లో చిన్న వాటా చూసుకున్నాడని గేటు దగ్గర అనుకున్నారు. ఆ మాట విన్నప్పుడు ఆమెకు జాలి కలగలేదు, కంగారు కలిగింది. ఇన్నేళ్ళు కాపు కాసిన మనిషి చేజారిపోతున్నాడు. ఇక మిగిలింది ఈ కాసిని మధ్యాహ్నాలే.

వేగం బండి మొదటి పరుగుకు ముందు ఇంజనీరు లైను చూసుకుపోతాడన్న వారంలో, మండిపోతున్న ఒక మధ్యాహ్నం, ఆమె రాయి దగ్గరికి వెళ్ళేసరికి అవతల ఎవరూ లేరు.

ముందు నమ్మలేదు. రాయి చుట్టూ తిరిగి చూసింది. నీడన సీసా లేదు. పట్టాల మీద ఎండ కళ్ళు చెదిరేలా మెరుస్తోంది, దూరాన లైను నీళ్ళల్లో ఉన్నట్టు కదులుతోంది, మనిషి జాడ లేదు. కాసేపు చూసింది. రూలు ప్రకారం ఇప్పుడు వెనక్కి పోయి ఫోను చేయాలి. ఆమెకు భయం కాదు, సంతోషం కలిగింది. చిక్కాడు అనుకుంది. ఫోను చేస్తే ఈలోగా వచ్చి ఏదో ఒకటి అల్లేస్తాడు. ఉన్నచోటే, ఉన్నట్టుగా పట్టుకోవాలి. రూలు పక్కన పెట్టి, ఇన్నేళ్ళలో మొదటిసారి రాయి దాటి పసుపు వైపు అడుగుపెట్టింది. చెప్పవలసిన మాటలన్నీ దారి పొడుగునా కూర్చుకుంటూ నడిచింది.

కల్వర్టు కింద నీడలో ఉన్నాడు. పడిపోయినట్టు లేదు, పడుకున్నట్టు ఉన్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు, సంచి తలకింద పెట్టుకున్నాడు, కోటు పరుచుకున్నాడు. చేతికి తాడుతో కట్టిన ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది. అంటే నిద్రే. ఇన్నేళ్ళ తన లెక్కే నిజం. ఆమె ఇంకా దగ్గరికి వెళ్ళింది. అప్పుడు కనిపించాయి సీసాలు.

ఒకటి ఖాళీగా పక్కకి దొర్లి ఉంది. రెండోది తడిగుడ్డ చుట్టి, గోడవారన నీడ చూసి నిలబెట్టి ఉంది. నిండుగా ఉంది. మూత కూడా తీయలేదు.

ఆమె వంగి నుదుటి మీద చెయ్యి వేసింది. పొయ్యి మీది పెనంలా కాలుతోంది. పెదాలు పగిలి తెల్లగా పొక్కిపోయాయి. చెయ్యి చాస్తే అందేంత దూరంలో నీళ్ళు పెట్టుకుని, అవి ఇంకొకరివని ముట్టుకోకుండా పడుకున్నాడు. తను ఎన్ని వేసవులు ఆ నీళ్ళు నేలపాలు చేసిందో గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. గబగబా మూత తీసి మొహాన చల్లింది, తల ఎత్తి నోట్లో కొద్దికొద్దిగా పోసింది. అతను ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఆమెను చూసి మొహం పాలిపోయింది.

"కళ్ళు తిరిగితే కాసేపు నడుం వాల్చాను, నిద్ర పట్టేసింది. రాయి దాకా రాలేదు అమ్మాయ్. తప్పు నాదే" అన్నాడు.

సాకు కోసం వెతుకుతాడనుకుంది. వెతకలేదు. ఇంతలో పైన పట్టాల మీద మోటారు ట్రాలీ చప్పుడు దగ్గరై ఆగింది. కొత్త ఇంజనీరు రేవు వైపు నుంచే లైను చూసుకుంటూ వస్తున్నాడు. దిగి గట్టు మీద నుంచి తొంగి చూశాడు. తెలుపు వైపు మనిషి ఇటువైపు ఏం చేస్తోందని, ఈయన ఇక్కడెందుకు ఉన్నాడని అడిగాడు. లేటు బాబాయ్ తడబడుతూ లేచి నిలబడి, నేను నిద్ర, అని మొదలుపెట్టబోయాడు. గస్తీలో నిద్రపోయినట్టు తేలితే ఉద్యోగం పోతుంది, దానితో పెన్షనూ పోతుంది, రిటైరయ్యే ముందు నిలువునా మునుగుతాడు. ఆమె ఇన్నేళ్ళుగా కోరుకున్న సాక్షి, కోరుకున్న చోట, కోరుకున్న సమయానికి వచ్చి నిలబడ్డాడు. ఒక్క నిజం చెబితే చాలు.

ఆమె నోరు తెరిచింది.

"నేనే ఆలస్యంగా వచ్చానండి. నా కోసం ఎండలో చూసి చూసి, ఫోను చేద్దామని ఆయన వెనక్కి బయల్దేరాడు. బిళ్ళ ఇద్దామని నేను వెనకాలే వచ్చాను. అప్పటికే వడదెబ్బ తగిలి పడిపోయాడు."

మాటలు ఎక్కడా తడబడలేదు. ముందెప్పుడో కంఠతా పట్టినట్టు వరసగా వచ్చేశాయి. చివరి మాట నోట్లోంచి బయటపడ్డాక గానీ ఆమెకు తెలియలేదు, అవి తన మాటలు కావని. రేకుల కప్పు గదిలో టోపీ చేత పట్టుకున్న మనిషి చెప్పిన మాటలవి. ఎందుకు ఆలస్యమైందని ఇంజనీరు అడిగాడు. ఆమె తల దించుకుంది. చెప్పడానికి కారణం లేదు, ఎందుకంటే ఆలస్యమే జరగలేదు.

ఈ లైను మీద గస్తీ మనిషిని కాపాడగలిగిన మాట ఇదొక్కటే, దాన్ని చెప్పగలిగింది కూడా అవతలి వైపు నుంచి వచ్చే మనిషి ఒక్కరే. మరి ఆ రోజు ఈయన ఎవరిని కాపాడాడు? పోయినవాణ్ణి ఎందుకు కాపాడాలి, దేన్నుంచి కాపాడాలి? ఆమె లేటు బాబాయ్ వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు, పట్టాల వైపు చూస్తున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఇంజనీరు అతన్ని ట్రాలీ మీద ఆస్పత్రికి పంపించాడు. వేగం బండి మొదటి పరుగుకు రాయి దగ్గర పచ్చజెండా పట్టుకుని నిలబడే అవకాశం అంతకుముందే ఆమెకు ఇచ్చారు, అది రద్దు చేశాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకోనన్నాడు. ఆమె సరేనంది. సాయంత్రానికి ఆ వార్త గ్యాంగు మొత్తం పాకింది. ఊరందర్నీ అనుమానించే భూతద్దం కూడా చివరికి లేటేనా అని ఒకడు ఈసారి ఎదురుగానే అన్నాడు. ఆమె ఇంటిదారి పట్టింది.

అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఆమె చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆ రోజు ఆయన తాగి వెళ్ళారా అత్తయ్యా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. ఈసారి అత్తగారికి వేరే పనేదీ గుర్తురాలేదు. నెమ్మదిగా చెప్పింది. రోజూ తాగేవాడని, స్పిరిటు కథ తనకూ చెప్పేవాడని, తను నమ్మినట్టు నటించేదానినని. ఆ మధ్యాహ్నం తాగి పట్టాల పక్కనే కూర్చుని తూలి పడ్డాడని. లేటు బాబాయ్ వేళకే రాయి దగ్గరికి వచ్చి, చాలాసేపు చూసి, వీడికేమైందోనని రూలు కాదని ఇటు నడిచి వచ్చాడని. అప్పటికే అంతా అయిపోయిందని. పక్కన పడి ఉన్న సీసా ఎవరి కంటా పడకుండా చొక్కాలో దాచి తెచ్చి తన చేతికిచ్చాడని.

"తాగి పడ్డాడని తేలితే కోడలికి ఉద్యోగం ఇవ్వరమ్మా, ఆ అమ్మాయికి తెలియనివ్వకు అని మాట తీసుకున్నాడే. సీసా నేనే నూతిలో పారేశాను."

ఇన్నేళ్ళు తను ఆ మనిషిని తిడుతుంటే ఎలా ఊరుకున్నారని ఆమె అడిగింది.

"నువ్వు ఎవరో ఒకర్ని తిట్టుకోవాలి కదే" అంది అత్తగారు. "నా కొడుకుని తిట్టకుండా ఉంటే చాలనుకున్నాను. నాది స్వార్థం."

ఆమె గుమ్మంలోనే కూలబడింది. ఏడ్చింది. పోయినవాడి కోసం ఎప్పుడో ఏడ్చేసింది, ఇప్పుడు ఏడ్చింది బతికి ఉన్న మనిషి కోసం. తక్కెడ అడుగున వంగి చూసింది, పాలను అనుమానించింది, డబ్బా పెట్టి పరీక్షించింది, నీళ్ళు పారబోసింది. అనుమానించవలసిన ఒక్క మనిషినీ అనుమానించలేదు, నమ్మవలసిన ఒక్క మనిషినీ నమ్మలేదు. అత్తగారి మీద కోపం వచ్చింది. అయినా కాసేపటికి లేచి, తరిగిన కూరగాయలు పొయ్యి మీద వేసింది.

లేటు బాబాయ్ కోలుకుని మళ్ళీ గస్తీకి వచ్చేసరికి వేసవి చివరికొచ్చింది. ఆమె ఆ రోజు మామూలుకన్నా ముందే రాయి దగ్గరికి చేరింది. అయినా అతను అప్పటికే పసుపు వైపు నిలబడి ఉన్నాడు. కాస్త చిక్కాడు, చొక్కా వదులైంది. లైను బాగుందమ్మాయ్ అన్నాడు. తడిగుడ్డ చుట్టిన సీసా రాయి నీడన పెట్టాడు.

ఆమె వంగి సీసా తీసుకుంది. మూత తీసి, అతని ఎదురుగానే, ఆపకుండా సగం తాగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అతను అటు పచ్చటి పొద వైపు చూశాడు, ఇటు ఆమె వైపు చూశాడు. ఆమె మూతి తుడుచుకుని, అరచెయ్యి పూర్తిగా చాచి బిళ్ళ అందుకుంది. ఈసారి దాన్ని తిప్పి చూడలేదు.

"ఆ రోజు మా ఆయన కోసం ఇక్కడ ఎంతసేపు చూశావు బాబాయ్?" అని అడిగింది.

ఆ పిలుపుకు అతని చెయ్యి ఆమె చేతిలోనే ఆగిపోయింది. ఎవరు చెప్పారని అడగలేదు. లైను వెంట ఆమె వచ్చిన వైపు, తెలుపు వైపు, దూరంగా చూశాడు.

"చాలాసేపు చూశానమ్మా" అన్నాడు.